ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, ఇప్పుడు పాపకి మూత్రం రావడం లేదు. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పటమట నాన్న | బుధవారం, ఉదయం 5.40

అందరికీ నమస్కారం. మా పాపకి 11 నెలలు, బరువు 7 కిలోలు. పుట్టినప్పటి నుంచి గుండెలో రంధ్రం. పాలు తాగుతుంటే నుదుటి మీద చెమట పట్టేసేది, నాలుగు గుక్కలు తాగి ఆయాసపడి వదిలేసేది. సోమవారం ఇక్కడే విజయవాడలో ఆపరేషన్ అయింది. సాయంత్రం సర్జన్ గారు బయటికి వచ్చి "రంధ్రం మూసేశాం, బాగా జరిగింది" అన్నారు. మా అమ్మ అక్కడే కొండ వైపు తిరిగి దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుంది.

మంగళవారం మధ్యాహ్నం నుంచి మూత్రం తగ్గిపోయింది. మంచం పక్కన సంచికి గీతలున్న చిన్న డబ్బా ఉంటుంది, గంటగంటకీ అందులో ఎంత వచ్చిందో రాస్తున్నారు. నన్ను లోపలికి పంపింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ పాప ముఖం చూడకుండా ఆ డబ్బానే చూశాను. ఆరు గంటల్లో 15 మి.లీ. కనురెప్పలు ఉబ్బిపోయాయి.

రాత్రి రక్తపరీక్ష కాగితం చేతికిచ్చారు. క్రియాటినిన్ 0.9. పక్కన నార్మల్ 0.6 నుంచి 1.2 అని అచ్చు వేసి ఉంది. కౌంటర్లో అబ్బాయిని అడిగితే "నార్మలే సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. రెండు గంటలకి డాక్టర్ గారు పిలిచి, కిడ్నీలు దెబ్బతిన్నాయి, పొట్టలో ట్యూబ్ వేసి డయాలసిస్ చేయాలి, సంతకం పెట్టండి అన్నారు. పెట్టాను. ఏ కాగితం మీద పెట్టానో కూడా గుర్తు లేదు.

గుండెకి చేస్తే కిడ్నీకి ఏమవుతుంది? ఇక జీవితాంతం డయాలసిసేనా? ఊళ్ళో వాళ్ళు ఫోన్ చేసి "చంటిపిల్లని ఎందుకు కోయించారు" అంటున్నారు. నా భార్యకి ఇంకా డయాలసిస్ మాట చెప్పలేదు. తెలిసినవాళ్ళు దయచేసి రాయండి.

బ్రాడీపేట అమ్మ | బుధవారం, ఉదయం 6.05

తమ్ముడూ, ముందు మీ భార్యకి చెప్పండి. నాకు మా ఆయన ఒక రోజంతా దాచారు. తెలిశాక నాకు డయాలసిస్ కంటే ఆ దాచడమే ఎక్కువ భయం వేసింది, ఇంకా ఏమేం దాస్తున్నారో అని.

మా బాబుకీ ఇలాగే అయింది. పది నెలలప్పుడు గుండె ఆపరేషన్, రెండో రోజు నుంచి మూత్రం లేదు. డయాలసిస్ అంటే నాకు తెలిసింది మా మామగారు వారానికి మూడుసార్లు గుంటూరు వెళ్ళి చేతికి సూదులు గుచ్చించుకునేది. పసిపిల్లలకి చేసేది అది కాదు. బొడ్డు కింద సన్నటి మెత్తని గొట్టం పెడతారు. పైన వేలాడే సంచిలోంచి గోరువెచ్చని ద్రవం పొట్టలోకి దిగుతుంది, కాసేపు ఉంచి కిందికి వదిలేస్తారు. ఒంట్లోని చెడు, మిగులు నీరు దాంతోపాటు వచ్చేస్తాయి. మావాడికి అప్పుడు గంటకి ఒక విడత. లోపలికి 70 పోస్తే బయటికి 78, 80 అలా వచ్చేది. ఆ పైన వచ్చిన పదే వాడి ఒంట్లోంచి దిగిన వాపు అని సిస్టర్ చెప్పింది. అప్పటి నుంచి నాకు ఆ లెక్కే జపమైపోయింది.

నాలుగు రోజులు చేశారు. ఐదో రోజు వాడంతట వాడే పోశాడు. ఇప్పుడు ఎల్‌కేజీ. అందరికీ ఇలాగే అవుతుందని మాట ఇవ్వలేను తమ్ముడూ. డయాలసిస్ మొదలుపెట్టారంటే చేతులెత్తేశారని మాత్రం కాదు, కిడ్నీ కోలుకునేదాకా దాని పని ఇంకొకటి చేస్తుంది.

పిల్లల ఐసీయూ సిస్టర్ | బుధవారం, ఉదయం 7.30

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. నేను మీ ఆస్పత్రి కాదు, మీ పాప కేసు నాకు తెలియదు. రోజూ చూసేది చెబుతాను.

ఆ కాగితం సంగతి ముందు. పక్కన అచ్చు వేసింది పెద్దవాళ్ళ లెక్క. క్రియాటినిన్ అంటే కండలోంచి వచ్చే చెత్త, దాన్ని కిడ్నీ బయటికి పంపాలి. పసివాళ్ళకి కండ ఎంత? ఏడాదిలోపు పిల్లలకి మామూలుగా 0.2, 0.3, 0.4 అలా ఉంటుంది. కాబట్టి 0.9 మీకైతే నార్మల్, మీ పాపకి కాదు. అచ్చేసిన అంకెతో పోల్చకండి, ఆపరేషన్‌కి ముందు మీ పాపకి ఎంత ఉందో దాంతో పోల్చండి. ఫైల్లో పాత రిపోర్టు ఉంటుంది, తీసి చూడండి.

మూత్రానికీ బరువుతోనే లెక్క. కిలోకి గంటకి ఒక మి.లీ. వస్తే మేం ఊపిరి పీల్చుకుంటాం. మీ పాపకి అది గంటకి 7. కిలోకి అర మి.లీ. కంటే, అంటే మీ పాపకి గంటకి 3.5 కంటే తక్కువ ఆరు గంటలపాటు ఉంటే కిడ్నీ దెబ్బతింటోందని పట్టుకుంటాం. మీ పాపకి ఆరు గంటల్లో 21 రావాల్సిన చోట 15 కూడా కష్టంగా వచ్చింది. మూత్రం ముందు తగ్గుతుంది, క్రియాటినిన్ ఒకటి రెండు రోజుల వెనక పెరుగుతుంది. అందుకే ఆ డబ్బా మీద మా కళ్ళు ఉంటాయి. మీరు పాప ముఖం చూడకుండా డబ్బా చూశానని బాధపడకండి, మేమూ అక్కడే చూస్తాం.

గుండెకి చేస్తే కిడ్నీకి ఎందుకంటే, రంధ్రం కుట్టేంతసేపూ గుండెని ఆపి రక్తాన్ని మెషీన్ తిప్పుతుంది. 7 కిలోల పాప ఒంట్లో మొత్తం రక్తం అర లీటరు పైచిలుకే. మెషీన్ గొట్టాల్లోంచి తిరిగిన రక్తం ఒళ్ళంతా వాపు రేపుతుంది. తర్వాత గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టినా మొదటి రాత్రి కొంచెం నీరసిస్తుంది, ఆరు గంటల నుంచి పద్దెనిమిది గంటల మధ్య మాకు ఎక్కువ భయం. గుండె గట్టిగా తోయకపోతే కిడ్నీకి రక్తం చాలదు.

పటమట నాన్న | బుధవారం, ఉదయం 8.15

సిస్టర్ గారూ, ఫైల్ తీసి చూశాను. ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు 0.3.

మూడింతలు అయింది. నిన్న రాత్రంతా ఆ కాగితం నా జేబులోనే ఉంది.

గవర్నరుపేట కుర్రోడు | బుధవారం, ఉదయం 8.40

అన్నా, నార్మల్ అని చెప్పినవాడిని వదలొద్దు. ముందు డాక్టర్ మీద కేసు పెట్టండి. బాగా జరిగింది అని చెప్పి కిడ్నీలు ఎలా పోతాయి? మీడియాని పిలవండి, మేం పదిమందిమి వస్తాం.

కొల్లిపర రైతు | బుధవారం, ఉదయం 9.20

బాబూ కుర్రోడా, నీ ఆవేశం మంచిదే. పదిమంది వస్తామన్నావు, ఆ మనసు నాకు నచ్చింది. ఒక మాట విను.

మా పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. కడుపు నొప్పి అన్నాడు. గ్యాస్ అనుకున్నాం, వాము నీళ్ళు పట్టాం. మర్నాడు జ్వరం, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజక్షన్ చేశాడు. మూడో రోజు మధ్యాహ్నం నొప్పి ఒక్కసారిగా తగ్గింది. వాడు లేచి కూర్చుని క్రికెట్ చూశాడు. మేం సంతోషపడ్డాం. నొప్పి తగ్గింది అపెండిక్స్ పగిలినందుకని గుంటూరులో డాక్టర్ చెప్పేదాకా తెలియదు. రాత్రికి పొట్ట చెక్కలా గట్టిపడింది, చేతులు చల్లబడ్డాయి.

గుంటూరు తీసుకెళ్ళేసరికి తెల్లారింది. పొట్ట నిండా చీము. ఆపరేషన్ చేశారు. ఆ విషం అప్పటికే రక్తంలోకి వెళ్ళిపోయింది. బీపీ నిలవలేదు, తర్వాత మూత్రం ఆగింది, తర్వాత ఊపిరితిత్తులు, వెంటిలేటర్, కళ్ళు పచ్చబడ్డాయి. ఒక్కొక్క గదిలో దీపం ఆరిపోతున్నట్టు. తొమ్మిదో రోజు పోయాడు.

నేనూ ఆపరేషనే చంపిందన్నాను. అక్కడ గొడవ చేశాను. ఏడాది తర్వాత కేస్ షీట్ ఇంకో డాక్టర్‌కి చూపిస్తే, లోపలికి వచ్చినప్పుడే బీపీ లేదు, మూత్రం లేదు అని మొదటి పేజీలోనే ఉంది. ఆపరేషన్ చేయకపోతే ఆ రాత్రి దాటేవాడు కాదట.

పొరపాటు ఎవరిదైనా ఉంటే అడగాలి. కాదనను. కేస్ షీట్ కాపీ రాసి అడగండి, 2002 నాటి వైద్యమండలి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఆ పని రేపు చేయవచ్చు, ఎల్లుండి చేయవచ్చు. ఇవాళ లోపల పాపని చూసుకునేవాళ్ళతో మాట తెగిపోకూడదు.

గవర్నరుపేట కుర్రోడు | బుధవారం, ఉదయం 9.50

బాబాయ్, క్షమించండి. తెలియక అన్నాను. అన్నా, మీకు రక్తం కావాలంటే చెప్పండి. నాది ఓ పాజిటివ్, బెంజ్ సర్కిల్ దగ్గరే ఉంటాను.

పీజీ డాక్టర్, పిల్లల విభాగం | బుధవారం, మధ్యాహ్నం 1.10

సిస్టర్ గారు చెప్పింది సరిగ్గా ఉంది. నేను రెండు మాటలు కలుపుతాను.

ఒంట్లో అవయవాలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడతాయి. గుండె నీరసిస్తే కిడ్నీ, కిడ్నీ ఆగితే నీరు ఊపిరితిత్తుల్లో చేరి వెంటిలేటర్ తీయడం ఆలస్యం, వెంటిలేటర్ మీద రోజులు పెరిగితే ఇన్ఫెక్షన్ భయం. అందుకే ఇప్పుడు చాలాచోట్ల పూర్తిగా ఆగేదాకా చూడకుండా నీరు పట్టేసినప్పుడే పొట్ట డయాలసిస్ మొదలుపెడతారు. మీ డాక్టర్ రాత్రి రెండింటికి లేపి సంతకం అడగడాన్ని నేను తప్పుగా చూడను.

మీరు రౌండ్స్‌లో అడగండి: నిన్నటి నుంచి ఇవాళ్టికి ఒంట్లో నీరు ఎంత ఎక్కువైంది, పొటాషియం ఎంత, లాక్టేట్ (ఒంటికి రక్తం చాలకపోతే పెరిగేది) తగ్గుతోందా పెరుగుతోందా, కిడ్నీకి బరువయ్యే మందులు ఏవైనా నడుస్తున్నాయా. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఆ జాబితాలోవి. కొన్నిసార్లు అవి తప్పనిసరి అవుతాయి, అప్పుడు మోతాదు తగ్గిస్తారు, మోతాదుకీ మోతాదుకీ మధ్య వ్యవధి పెంచుతారు. అడిగితే ఎవరూ కోప్పడరు. కోప్పడినా అడగండి.

పటమట నాన్న | బుధవారం, రాత్రి 10.30

ఉదయం 11కి ట్యూబ్ వేశారు. నా భార్యకి చెప్పాను. నేను అనుకున్నట్టు పడిపోలేదు. "ఎంత పోస్తున్నారు, ఎంత వస్తోంది" అని అడిగింది. అక్కా, మీరు రాసిందంతా చదివి వినిపించాను.

ఇంకో సంగతి. మధ్యాహ్నం మా అత్తగారు కొబ్బరి బోండాం తెచ్చారు, పాపకి రెండు చుక్కలైనా పట్టించమని. మూత్రం జారీ అవుతుందని బార్లీ నీళ్ళు కూడా ఫ్లాస్కులో తెచ్చారు. లోపలికి పంపలేదు. ఆవిడ బయట ఏడుస్తున్నారు. పెద్దావిడకి ఎలా చెప్పను?

పిల్లల ఐసీయూ సిస్టర్ | బుధవారం, రాత్రి 10.55

కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రం వస్తుంటే అది బయటికి పోతుంది. మూత్రం లేనప్పుడు రక్తంలోనే నిలిచిపోతుంది, పెరిగితే గుండె ఆగిపోతుంది. కొత్తగా కుట్లు వేసిన గుండెకి మరీ ప్రమాదం. బార్లీ నీళ్ళు కిడ్నీ పనిచేసేవాళ్ళకి. పనిచేయనప్పుడు పోసిన నీరు మూత్రంగా మారదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మా దగ్గర అమ్మమ్మలకి నేనిలా చెబుతాను: "అమ్మా, తూము మూసుకుపోయి ఉంది, ఇప్పుడు కాలవలో నీళ్ళు వదిలితే చేను మునిగిపోతుంది. తూము తెరుచుకోనివ్వండి, అప్పుడు మీ చేత్తోనే పట్టిద్దురు." వింటారు.

వన్‌టౌన్ చెల్లెలు | గురువారం, ఉదయం 7.00

అక్కలూ అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి నాలుగేళ్ళు, వచ్చేవారం టాన్సిల్స్ ఆపరేషన్. ఇదంతా చదివాక నిద్ర పట్టలేదు. చిన్న ఆపరేషన్ కూడా ఇలా అవుతుందా?

పీజీ డాక్టర్, పిల్లల విభాగం | గురువారం, ఉదయం 7.45

ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి టాన్సిల్స్ తీస్తే అవయవాలు ఆగిపోవడం చాలా అరుదు, ధైర్యంగా ఉండండి. ఇంట్లో మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

రాత్రి నుంచి చుక్క నీరు లేకుండా పడుకోబెట్టడం పాత అలవాటు. సాధారణంగా అన్నం, డబ్బా పాలు, గేదె పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు. మీ మత్తు డాక్టర్ చెప్పిన వేళే మీకు లెక్క, కానీ అడిగి రాసుకోండి. ఎండిపోయిన ఒంటితో టేబుల్ ఎక్కే పిల్లాడి కిడ్నీకి ముందే కష్టం.

ఆపరేషన్ తర్వాత గొంతు నొప్పితో నీళ్ళు తాగడు. గంటగంటకీ చెంచాతో పట్టండి. కోడీన్ ఉన్న మందులు టాన్సిల్స్ తీసిన పిల్లలకి వద్దు, ఊపిరి మందగించి ప్రాణం మీదికి వచ్చిన కేసుల వల్ల అమెరికా మందుల సంస్థ 2013లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది.

అన్నిటికంటే జాగ్రత్త పారాసెటమాల్‌తో. మన షాపుల్లో ఒకే మందు మూడు రకాల సీసాల్లో ఉంటుంది: 5 మి.లీ.కి 120 మి.గ్రా., 5 మి.లీ.కి 250, పసివాళ్ళ చుక్కల మందు ఒక్క మి.లీ.కే 100. పది కిలోల పిల్లాడికి ఒక మోతాదు 150 మి.గ్రా. వరకు. మొదటి సీసాలో అది 6 మి.లీ., రెండో దాంట్లో 3, చుక్కల మందులో ఒకటిన్నర. డాక్టర్ మొదటి సీసా రాశారు, షాపులో చుక్కల మందు ఇచ్చారు, తల్లి చీటీ చూసి 6 మి.లీ. పట్టింది అనుకోండి, నాలుగింతలు పడింది. రెండు మూడు రోజులు అలా పడితే కాలేయం ఆగిపోవచ్చు. సీసా మీద అంకె మీరే చదవండి. రోజుకి నాలుగుసార్లు దాటకూడదు.

వన్‌టౌన్ చెల్లెలు | గురువారం, ఉదయం 8.20

ఇంట్లో రెండు సీసాలు ఉన్నాయి. ఇప్పుడే చూశాను, ఒకటి 120, ఒకటి 250. రెండిటికీ ఒకే మూతతో కొలిచి పోస్తున్నాను ఇన్నాళ్ళూ. ఒకటి తీసేశాను.

తెనాలి మేనత్త | గురువారం, మధ్యాహ్నం 3.30

కాలేయం మాట వచ్చింది కాబట్టి. మా మేనకోడలు పుట్టిన నెలకి కూడా పచ్చకామెర్లు తగ్గలేదు, దొడ్డికి సున్నంలా తెల్లగా వచ్చేది. పసరు వేయిస్తే పోతుందన్నారు, రెండు వారాలు అక్కడే పోయాయి. పైత్యరసం నాళాలు మూసుకుపోయాయట, పైత్యం దిగడానికి దారి చేసే కసాయ్ అనే ఆపరేషన్ 60 రోజుల్లోపు అయితే మంచిదట. మాకు 80 దాటాయి. చేశారు, ఐనా పైత్యం సరిగా దిగలేదు, ఏడాదికి కాలేయం ఆగిపోయింది. వాళ్ళ నాన్న తన కాలేయంలో ముక్క ఇచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. చంటిపిల్లల దొడ్డి రంగు తెల్లగా ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి, అదొక్కటే చెప్పాలని రాశాను.

పటమట నాన్న | శనివారం, తెల్లవారుజామున 4.10

గురువారం క్రియాటినిన్ 1.4కి పోయింది. నేను ఇక్కడికి రాలేకపోయాను. శుక్రవారం 1.3. వాపు దిగుతోంది, రెప్పల మధ్య నల్లగుడ్డు కనబడింది. డబ్బాలో మాత్రం ఏమీ లేదు. గొట్టంలో తడి మెరుపు తప్ప.

ఇప్పుడు అర్ధరాత్రి 2 మి.లీ. అన్నారు. ఒంటిగంటకి 4. మూడింటికి 11. సిస్టర్ తలుపు తీసి వేళ్ళతో పదకొండు చూపించింది, రెండు చేతులూ, మళ్ళీ ఒక వేలు. మా అమ్మకి ఏమీ అర్థం కాలేదు, నన్ను పట్టుకుని ఊపేస్తోంది ఏమైంది ఏమైంది అని.

బ్రాడీపేట అమ్మ | శనివారం, తెల్లవారుజామున 4.25

తమ్ముడూ, ఫోన్ దిండు పక్కనే పెట్టుకుని పడుకున్నాను. మావాణ్ణి లేపి ముద్దు పెట్టాను, వాడు విసుక్కున్నాడు.

పిల్లల ఐసీయూ సిస్టర్ | శనివారం, ఉదయం 7.10

చాలా సంతోషం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కిడ్నీ తేరుకునేటప్పుడు ఒక్కోసారి కుండపోతగా వస్తుంది. అప్పుడు నీరు, ఉప్పులు ఎక్కువ పోతాయి, లెక్క ఇంకా గట్టిగా చూడాలి. పొట్టలోంచి వచ్చే ద్రవం మసకగా, కుడితిలా ఉంటే వెంటనే చెప్పండి, అది ఇన్ఫెక్షన్ గుర్తు.

పటమట నాన్న | తర్వాతి శుక్రవారం, సాయంత్రం 6.00

సోమవారం ట్యూబ్ తీశారు. నిన్న వార్డుకి మార్చారు. క్రియాటినిన్ 0.5. ఇంకా 0.3కి రాలేదు. మూడు నెలలకి వచ్చి రక్తం, మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకోవాలన్నారు. కిడ్నీ ఒకసారి దెబ్బతింటే బీపీ, ప్రొటీన్ కొన్నేళ్ళు గమనించాలట. చిన్నపిల్లల బీపీ పట్టీ వేరే ఉంటుందని కూడా ఇప్పుడే తెలిసింది.

ఇక్కడ డబ్బా లేదు కాబట్టి డైపర్ తూస్తున్నాం. బీసెంట్ రోడ్డులో వంటింటి కాటా కొన్నాను. పొడి డైపర్ 24 గ్రాములు. తడిసింది 71 తూగితే పాప పోసింది 47. ఒక గ్రాము ఒక మి.లీ. అనుకోవచ్చట. నా భార్య తూస్తుంది, నేను రాస్తాను. మా అత్తగారు చూపు తిప్పకుండా కాటా మీద అంకె చదువుతున్నారు, ఆవిడకి అంకెలు తప్ప చదవడం రాదు.

కొల్లిపర రైతు | శుక్రవారం, రాత్రి 8.45

బాబూ, చల్లగా ఉండాలి పాప. మా చెల్లెలి మనవడికి వచ్చే నెల గుంటూరులో గుండె ఆపరేషన్. నువ్వు రాస్తున్న పుస్తకంలో గళ్ళు ఎలా గీశావో చెబుతావా? వాళ్ళకి నేను గీసి ఇస్తాను.

పటమట నాన్న | శుక్రవారం, రాత్రి 9.05

తప్పకుండా బాబాయ్. మొదటి పేజీలో పాప బరువు, ఆపరేషన్‌కి ముందు క్రియాటినిన్, ఎర్ర పెన్నుతో, పెద్దగా. తర్వాతి పేజీల్లో ఐదు గళ్ళు: టైము, లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది, ఇచ్చిన మందు, డాక్టర్ చెప్పిన మాట. ఆఖరి గడి వెడల్పుగా గీయండి, నాకు చోటు చాల్లేదు.